తీసిన సినిమా, తియ్యనివ్వని సినిమా

శరణ్ శర్మ తీసిన ‘గుంజన్ సక్సేనా’ (2020)లో, హెలికాప్టర్ నడపడానికొచ్చిన అమ్మాయి మీద మగ ఆఫీసరు అందరి ముందూ చేతిబలం చూపించి గెలుస్తాడు. ఒళ్లు మండే సీను. కానీ చివరికి సినిమా కూడా ఆమెని కార్గిల్ సాహసంతోనే నెగ్గిస్తుంది. మామూలుగా డ్యూటీ చేసుకుపోయే మగ పైలట్‌ని ఈ రుజువు ఎవరడిగారు?

ఆమెకి పరీక్షైనా పెట్టారు. ఉద్యోగం వదిలేసిన ఒక గే మేజర్ జీవితం స్ఫూర్తిగా ఒనీర్ రాసుకున్న స్క్రిప్టుకి 2022లో రక్షణశాఖ అనుమతే ఇవ్వలేదు. సైనికుడు కాశ్మీరీ కుర్రాణ్ణి ప్రేమించినట్టు చూపిస్తే సైన్యానికి చెడ్డపేరట! స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది కదా!

సాహసం చేశాక ఇచ్చేది పతకం. సమానత్వం యూనిఫాంతో పాటే ఇవ్వాలి.