ఎప్పుడు ఆపుతారు?

పాతబస్తీ నుంచి నయాపూల్ దాటితే అఫ్జల్‌గంజ్. అక్కడి ఆసుపత్రి చూసుకున్న రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ, ఆరో నిజాం సొమ్ముతో 1888లోనూ మరుసటి ఏడాదీ క్లోరోఫామ్ కమిషన్లు నడిపాడు. కుక్కలకూ కోతులకూ మత్తు పట్టిస్తూ ప్రాణం పోయేదాకా చూశారు. ముందు ఆగేది ఊపిరా, గుండెనా? తేలాల్సింది అదే. బ్రిటన్‌లో 1876 నుంచే ఇలాంటి పనికి లైసెన్సు కావాలి. ఇక్కడ అడిగే నాథుడు లేడు. ఊపిరి మీద కన్నేసి ఉంచితే చాలు, గుండెకు భయం లేదని తేల్చేశారు. అది తప్పని 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు చూపించాడు, పిల్లుల మీద ప్రయోగాలు చేసి మరీ!

ఇప్పుడు అడగడానికి కమిటీలున్నాయి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం వాటిలో సైన్సుతో సంబంధం లేని మనిషి ఒకరుండాలి. ఓ సంస్థలో ఆ కుర్చీ నాది.

ప్రయోగాలకు అనుమతి కోరుతూ నా ముందుకొచ్చే ఫారం-బి దరఖాస్తుల్లో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి మలేరియావే. కోత ఉంటే మత్తు ఇస్తారు. ఇక్కడ జబ్బే ప్రయోగం. నొప్పి మందులిస్తే కొన్నిసార్లు జబ్బు నడకే మారిపోతుందంటారు పరిశోధకులు. కాదనలేను. ప్లాస్మోడియం బెర్ఘీ అనే మలేరియా పరాన్నజీవిలో ఒక రకాన్ని ఎక్కిస్తే కొన్ని జాతుల చుంచెలుకలకు వారం పది రోజుల్లో మలేరియా మెదడుకెక్కుతుంది. తోక కొసన ఒక్క చుక్క రక్తం తీసి, గాజుపలక మీద పూసి, జీమ్సా రంగు వేసి పరాన్నజీవులను లెక్కపెడతారు. ఆ లెక్క ఎంతకు చేరితే ఆపుతారు? బరువు ఎంత తగ్గితే? చచ్చేదాకా చూస్తామంటే నేను సంతకం పెట్టను. 1976 నుంచీ మనిషికొచ్చే ఫాల్సిపారమ్‌ను సీసాలో, మనిషి రక్తంలోనే పెంచుతున్నారు కదా, అక్కడ తేలని ముక్క ఏమిటో కూడా చెప్పమంటాను.

ఎక్కడ ఆపాలో కాగితం మీద గీత గీయడం తేలికే. జంతుశాలలో పనిచేసే ఒకాయనను, జబ్బు ముదిరిందని ఎట్లా తెలుస్తుందని అడిగాను.

“వెంట్రుకలు లేస్తయి సార్. మూలకు ముడుచుకొని కూసుంటది. నీళ్లకాడికి రాదు.”

“అప్పుడేం చేస్తావు?”

“మేడమ్‌కు ఫోన్ చేస్త. ఐతారం అయితే ఎత్తరు.”

ఇప్పుడు ఆదివారం ఎవరు చూస్తారు, ఎవరు ఫోనెత్తుతారు, వాళ్లు రాకపోతే ఆ ఎలుక బాధకు ముగింపు పలికే అధికారం ఎవరిది అన్నవి రాయించుకుంటున్నాను. పేర్లతో సహా. పోయినసారి ఒక దరఖాస్తు ఇందుకే వెనక్కి వెళ్లింది. ఆ పరిశోధకురాలికి కోపమొచ్చింది. రానీ.