ఆజ్ఞ కాని సంకేతం: ఈగ రెక్కల గురించి మన రాతలు

పండ్ల ఈగ పిండాభివృద్ధి గురించి తెలుగులో వచ్చే వ్యాసాలలో ఒక వాక్యం రూపం మార్చుకుంటూ పదేపదే ఎదురవుతుంది. ఫలానా ప్రోటీన్ ఒక కణం నుండి బయలుదేరి, పక్క కణానికి "నువ్వు రెక్కగా మారు" అని ఆజ్ఞ ఇస్తుందట. ప్రోటీన్ ఉత్తరం, కణం చిరునామాదారు. తెలుగు మాధ్యమంలో చదివి వైద్యంలోకి వచ్చిన నాబోటివాడికి ఈ పోలిక ఆత్మీయంగానే ఉంటుంది. కానీ ఈగలో కనుగొన్న విషయాలను ఇది మోయలేదని నా అభ్యంతరం.

(ముందుగా ఈగ ఏదో చెప్పాలి. నేనుండే డార్విన్‌లో మామిడి రైతుకు పండు ఈగంటే కాయలో గుడ్లు పెట్టే బాక్ట్రోసెరా. నూజివీడు రైతుకూ ఆ ప్రజాతి ఈగే శత్రువు. ప్రయోగశాలల్లోని డ్రొసోఫిలా వేరే కుటుంబానిది; ఆస్ట్రేలియాలో దాన్ని వెనిగర్ ఈగ అంటారు.)

వింగ్‌లెస్ సంగతి చూడండి. ఈ ఉత్పరివర్తనాన్ని 1973లో ప్రకటించినవారు ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థకు చెందిన ఆర్.పి. శర్మ. మన వ్యాసాలు ఈ మాట చెప్పకుండానే నేరుగా నోబెల్ బహుమతుల దగ్గరకు వెళ్ళిపోతాయి. జన్యువులకు ఇలాంటి పేర్లు అభావాన్ని బట్టి వచ్చినవి. జన్యువు చెడితే ఏది లేకుండా పోయిందో అదే పేరు. అభావాన్ని కూడా ఒక పదార్థంగా లెక్కించిన వైశేషికుల వారసులకు ఇది కొత్త కాకూడదు. అయినా పేరును తలకిందులు చేసి "రెక్కను తయారుచేసే ప్రోటీన్" అనేస్తున్నాం. శర్మ, వి.ఎల్. చోప్రా 1976లో వివరించిన ఈగల్లో రెక్క రాని చోట ఖాళీ మిగలలేదు. వీపు భాగమే అద్దంలో ప్రతిబింబంలా మరొకటి ఏర్పడింది. ఉత్తరం అందని ఇంట్లో ఏ పనీ జరగకూడదు కదా? ఇక్కడ ఆ కణాలు తమకు తెలిసిన మరో పని చేశాయి. పైగా డింభకంలో మొదట రెక్క చోటును నిర్ణయించిన ఆ ప్రోటీనే, తరువాతి దశలో రెక్క అంచు రోమాలకు కారణమవుతుంది. ప్రోటీన్ మారలేదు, దాన్ని అందుకునే కణం మారింది.

దీనికి మరింత స్పష్టమైన ఉదాహరణ హైదరాబాదులోనే ఉంది. ఈగకు ఒక జత రెక్కలే. వాటి వెనక రెండో జత ఉండవలసిన చోట హాల్టియర్లు ఉంటాయి. ఎగిరేటప్పుడు తూకం నిలిపే చిన్న గదల వంటివి. అల్ట్రాబైథొరాక్స్ జన్యువు అక్కడ పనిచేయకపోతే అవీ రెక్కలవుతాయని, ఈగకు నాలుగు రెక్కలొస్తాయని ఎడ్వర్డ్ లూయిస్ చూపాడు. సీసీఎంబీలో ఎల్.ఎస్. శశిధర బృందం 1999లో ప్రచురించిన పరిశోధన తరువాతి ప్రశ్న వేసింది: ఎలా? రెక్కలో పైపొర, కిందిపొర కలిసే సరిహద్దు నుండి వెలువడే సంకేతాలను, వింగ్‌లెస్‌తో సహా, హాల్టియర్‌లో ఈ జన్యువు అణచివేస్తుంది. రెక్కకూ హాల్టియర్‌కూ సంకేతాల సరంజామా దాదాపు ఒకటే. దానిలో ఎంత పలకాలో, దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో నిర్ణయించేది ఆ కణం ఏ ఖండానికి చెందిందన్న జ్ఞాపకం.

ఉత్తరం పోలికలోని ప్రయాణం కూడా సందేహాస్పదమే. వింగ్‌లెస్ దూరదూరాలకు వ్యాపించి, గాఢతను బట్టి కణాలకు తమ స్థానం తెలుపుతుందని పాఠ్యపుస్తకాలు బొమ్మలు గీశాయి. 2014లో లండన్‌లో జాన్-పాల్ విన్సెంట్ బృందం ఆ ప్రోటీన్‌ను కణత్వచానికి కట్టేసి, కదలకుండా చేసింది. ఎదుగుదల ఆలస్యమైనా ఆ ఈగలు బతికాయి, రెక్కలు దాదాపు మామూలుగానే వచ్చాయి. వ్యాప్తికి ఏ పాత్రా లేదని దీనర్థం కాదు. కానీ దశాబ్దాల బొమ్మను ఒక్క ప్రయోగం ఇంతగా కుదిపాక, మనం పాత బొమ్మనే అనువదిస్తూ ఉండడం సోమరితనం.

ఇదంతా మాటల పట్టింపు అనిపించవచ్చు. చర్మ క్యాన్సర్లు మామూలైన ఎండల దేశంలో వైద్యుడికి అలా అనిపించదు. హెడ్జ్‌హాగ్ కూడా ఈగలో దొరికిన సంకేతమే. పనిచేసే భాగం సుమారు 19 కిలోడాల్టన్ల చిన్న ప్రోటీన్. అది వచ్చి ఏదీ ఆజ్ఞాపించదు; ప్యాచ్డ్ అనే ప్రోటీన్ స్మూదెన్డ్‌పై బిగించి ఉంచిన కళ్ళాన్ని వదులు చేస్తుంది, అంతే. మనుషుల్లో ప్యాచ్డ్ జన్యువు చెడితే బేసల్ సెల్ కార్సినోమా వస్తుందని 1996లో తేలింది. ఆ పరిశోధకుల్లో బ్రిస్బేన్ వారూ ఉన్నారు. ఆ గడ్డలో కణాలు, సంకేతం అందకపోయినా అందినట్టే విభజన చెందుతుంటాయి. పంపినవాడే లేని ఈ ఉత్తరాన్ని మన పోలిక ఎలా వివరిస్తుంది?

2012లో అమెరికాలో అనుమతి పొందిన విస్మోడెగిబ్ స్మూదెన్డ్‌ను అడ్డుకుంటుంది. ముదిరిన గడ్డలు కూడా కొందరిలో తగ్గిపోతాయి. వాడేవారిలో చాలామందికి జుట్టు ఊడుతుంది, కండరాలు పట్టేస్తాయి, నాలుకకు రుచి తెలియదు. గర్భిణులకు అది పూర్తిగా నిషిద్ధం. "క్యాన్సర్ మందుకీ పప్పుచారు రుచికీ ఏం సంబంధం?" అని అడిగే రోగికి "క్యాన్సర్ ఆజ్ఞను ఆపే మందు" అన్న వాక్యం సమాధానం ఇవ్వదు. రుచి మొగ్గలు కొత్తగా పుట్టడానికీ, వెంట్రుక కుదురు మళ్ళీ మేలుకోవడానికీ, గర్భంలో శిశువు ముఖం ఏర్పడడానికీ శరీరం ఆ ఒక్క సంకేతాన్నే, చోటుకొక అర్థంలో వాడుకుంటోందని చెప్తే అతనికి అర్థమవుతుంది. తెలుగులో చెప్పినా అవుతుంది.