తురుపులు అడ్డం తిరిగినప్పుడు
బ్రిడ్జిలో ఆటగాడి చేతిలో ఆసు, రాజు, రాణి, పదితో కలిపి ఆరు తురుపులు; డమ్మీలో రెండు చిన్నవి. బయట ఐదు. అవి మూడు-రెండుగా చీలే అవకాశం దాదాపు 68 శాతం, నాలుగు-ఒకటిగా 28. ఆసు తర్వాత రాజు వేయగానే ఎడమవైపు ఆయన వేరే రంగు పడేశాడు. కుడివైపు జాకీ, తొమ్మిది మిగిలాయి. డమ్మీలో తురుపే లేదు.

నేర్పరి ఇక్కడ ఆగుతాడు. ఆ నిశ్శబ్దమంటే నాకు మహా ఇష్టం. తన దగ్గర తురుపులు ఎక్కువయ్యాయని గ్రహిస్తాడు! డమ్మీ ముక్కల్ని, ఒక్కోసారి గెలిచేవాటినీ, రెండుసార్లు సొంత తురుపుతో కోసి రాణి, పది మాత్రమే మిగుల్చుకుంటాడు. చివరి రెండు పట్లకు ఆట డమ్మీ నుంచి మొదలవ్వాలి. ఆ దారి ముందే దాచుకోకపోతే శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. ఇక డమ్మీ ఏది వేసినా కుడివైపాయన తురుపు వేయక తప్పదు. తొమ్మిదికి పది, జాకీకి రాణి.