అన్నం ఎవరింటికి పంపాలి

పోయిన ఆదివారం ఒంగోలు వెళ్ళాను. మా పెద్దమ్మ మునిమనవరాలిని చర్చి గుళ్ళో దేవుడికి ప్రతిష్ఠ చేస్తున్నారు, రాకపోతే నీకూ నాకూ మాటలుండవంది. మైకుల మీద నాకున్న కోపం ఈ కాలమ్ చదివేవాళ్ళకి కొత్తేమీ కాదు. గుడి మైకు, మసీదు మైకు, చర్చి మైకు, ఎన్నికల ఆటో మైకు, ఈ ఒక్క విషయంలో నేను రాజ్యాంగం కోరినంత లౌకికవాదిని. అందుకే స్పీకరుకి వీలైనంత దూరం చూసుకుని వెనక వరసలో కూర్చున్నాను.

వాక్యం అయ్యాక పాస్టరుగారు ఒక లాంగ్ నోట్‌బుక్ తెరిచి ప్రార్థన అవసరతలు చదవడం మొదలుపెట్టారు. ఒకామెకు గర్భసంచి ఆపరేషను. ఒకరి కొడుకు తాగుడు మానాలి. ఇంకొకాయన చిట్టీ పాడుకుని వాయిదాలు కట్టలేక నాలుగు లక్షల అప్పులో పడ్డాడు, ఇల్లు తాకట్టులో ఉంది, దేవుడు దారి చూపాలి. అన్నీ పేర్లతోనే. గుడి పైన కట్టిన మైకు కొమ్ము బజారు వైపు తిరిగి ఉంది. ఆ చిట్టీ ఆయన నాకు రెండు వరసల ముందే ఉన్నాడు. ఆయన మెడ వెనక భాగం తప్ప నాకేమీ కనపడలేదు. ఆ మెడ చూస్తూ ఆఖరి పాట అయ్యేదాకా ఉడికిపోయాను.

భోజనాల దగ్గర పెద్దమ్మ కోడికూర వడ్డిస్తుంటే అడిగేశాను.

"ఆయన అప్పు సంగతి బజారుకంతా చాటాలా పెద్దమ్మా?"

"బజారుకి తెలియదేంట్రా! అప్పిచ్చినోళ్ళు ఉండేది బజార్లోనే. తెలియంది మాకే."

"చాటుగా చెయ్యమని కదా కొండమీద ప్రసంగంలో ఉంది?"

"చేసేది చాటుగా చెయ్యమన్నాడు. అవసరం కూడా చాటునే ఉంటే అన్నం ఎవరింటికి పంపాలిరా అబ్బాయ్?"

నోట్లో గోంగూర ముద్ద ఉండి నేను జవాబివ్వలేదు. లేకపోయినా ఇచ్చేవాణ్ణి కాదు. ఎందుకంటే ఈ వాదన మా ఇంట్లో చాలా పాతది, అందులో ఆవిడ ఒకసారి నెగ్గింది కూడా.

నేను హైస్కూల్లో ఉండగా నాన్నకి కామెర్లు ముదిరాయి. ఆయనది పొగాకు కంపెనీలో రోజువారీ లెక్క, వెళ్ళిన రోజే జీతం. అమ్మ టీచరు, కానీ ఆ బడిలో జీతం ఎప్పుడొస్తుందో హెడ్మాస్టరుకే తెలియదు. పల్లెలో అందరూ "టీచరమ్మగారూ" అని పిలిచే మనిషి. పిల్లలకి పలకలు కొనిచ్చిందే తప్ప ఒకరి దగ్గర బలపం ముక్క పుచ్చుకోలేదు. శుక్రవారం స్త్రీల కూడికలో అవసరతలు చెప్పమన్నప్పుడు ఆవిడ లేచి, "కష్టంలో ఉన్న ఒక కుటుంబం కోసం ప్రార్థన చెయ్యండి" అని కూర్చుంది. అందరూ మోకాళ్ళ మీద పడి ఆ ఒక కుటుంబం కోసం కన్నీళ్ళతో ప్రార్థించారు. ముగింపు పాట పాడి ఇళ్ళకి వెళ్ళిపోయారు. మా పొయ్యి మీదకి ఏమీ రాలేదు.

మరుసటి శుక్రవారం పెద్దమ్మ లేచింది. "ఆ ఒక కుటుంబం మా చెల్లెలిదే. మరిదికి కామెర్లు. డబ్బాలో బియ్యం లేవు" అంది.

ఆ తర్వాత అమ్మ చాలా రోజులు పెద్దమ్మతో మాట్లాడలేదు. కానీ ఆ సాయంత్రమే ఆడవాళ్ళు వచ్చారు. పొగాకు గ్రేడింగుకి వెళ్ళేవాళ్ళు, ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ ఘాటు చీరల్లోంచి పోదు, గుమ్మంలోకి రాకముందే తెలిసిపోతుంది. వచ్చిన పద్ధతి నాకిప్పటికీ గుర్తు. ముందు ఒక పాట. తర్వాత ఒకరు ప్రార్థన. తర్వాత నాన్న కళ్ళు ఎంత పచ్చబడ్డాయో చూసి, నేలఉసిరి ఎక్కడ దొరుకుతుందో, ఏ ఆకు పసరు ఎవరికి పనిచేసిందో ఒక గంట చర్చ. వెళ్ళేటప్పుడు వంటింటి తలుపు వెనక సంచీలు. "ఇదిగో" అని ఎవరూ చేతికివ్వలేదు, ఎవరిది ఏ సంచో చెప్పలేదు. బియ్యం, కందిపప్పు, ఓ సీసాలో నూనె. రిక్షా తొక్కే ఒకాయన రోజూ నాన్నని ఆసుపత్రికి తీసుకెళ్ళి తీసుకొచ్చేవాడు. డబ్బు ఇవ్వబోతే, మా ఆడపిల్ల సంబంధం గురించి ప్రార్థన చెయ్యండి టీచరమ్మగారూ, చాలు అన్నాడు. అమ్మ చేసింది. సంబంధం కుదిరాక ఆ పిల్లకి చీర కూడా పెట్టింది.

గలతీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయంలో పౌలు ఒకరి బరువులు ఒకరు మొయ్యమంటాడు. మూడు వచనాలు దాటగానే ఎవరి బరువు వాళ్ళే మోసుకోవాలంటాడు. పండితులు దీనికి సమాధానాలు చెబుతారు గానీ, నాకు మాత్రం మా ఇంట్లో ఆ అక్కచెల్లెళ్ళే గుర్తొస్తారు. పెద్దమ్మది రెండో వచనం. అమ్మది అయిదో వచనం.

అమ్మ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఆ సంచీల్లో ఒకటి తెచ్చినామె కొన్నేళ్ళ తర్వాత కుళాయి దగ్గర గొడవలో "మా బియ్యం తిన్నోళ్ళు మా మీదకే వస్తున్నారు" అంది. నాన్నకి కామెర్లు తగ్గాయి గానీ ఆ మాట మాత్రం అమ్మకి చివరిదాకా తగ్గలేదు. సాయం పొందిన ఇంటికి ఒక పేరు పడుతుంది. ప్రేమ, సహవాసం అంటూ రాసే వ్యాసాల్లో ఈ కుళాయి కనపడదు.

అయినా ఆ నోట్‌బుక్ ఏం చేస్తోందో ఆలోచిస్తే నాకు ముచ్చటేసింది. అప్పడగడానికి పక్కింటికి వెళితే తల వంచుకుని నిలబడాలి, అవతలివాళ్ళు లేదంటే ఆ మొహం మళ్ళీ చూపించలేం. ప్రార్థన అవసరతలో మనం పక్కింటివాళ్ళని ఏమీ అడగం. దేవుణ్ణి అడుగుతాం. పక్కింటివాళ్ళ చెవిన పడుతుంది, అదే తేడా. ఇవ్వగలిగినవాడు ఇస్తాడు, ఇవ్వలేనివాడు ఆమెన్ అంటాడు. ఇవ్వలేదని ఎవర్నీ అనడానికి లేదు, ఎందుకంటే ఎవర్నీ అడగలేదు. తీసుకున్నవాడు స్తోత్రం చెప్పేది కూడా దేవుడికే. ఇంత చక్కగా ఇద్దరి పరువూ కాపాడే ఏర్పాటు ఏ సహకార బ్యాంకులోనూ లేదు.

పరువు కాపాడుతూ సాయం చెయ్యడం అనగానే ఒంగోలు మనిషికి కాలువ గుర్తు రావాలి. 1876లో మొదలైన కరువుని మన పెద్దవాళ్ళు ధాత కరువు అనేవాళ్ళు, ఆ యేడు పేరు ధాత కాబట్టి. అప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ. 1866 నుంచి ఇక్కడే పనిచేస్తున్నాడు, ఆయన దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. కరువు పనిగా ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. పనికి వెళ్ళిన మాదిగల్ని తనిఖీ చేసే పైకులాలవాళ్ళు తిట్టేవాళ్ళు, కొట్టేవాళ్ళు, కూలి కోసేవాళ్ళు. క్లౌకి కుర్రతనంలో నేర్చిన సర్వే పని తెలుసు. మూడున్నర మైళ్ళ కాలువ తనే కాంట్రాక్టు తీసుకున్నాడు. తనిఖీకి ఎవర్ని పెట్టాడంటే, తన తెలుగు బోధకుల్ని. తవ్వేవాడి భాషలో, తవ్వేవాడి కులంలో పుట్టినవాళ్ళు కొలతలు చూసి కూలి ఇచ్చారు. మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని మాట్లాడుకున్నారు. చేతిలో పడింది ముష్టి కాదు, కూలి.

ఇంకో పని చేశాడాయన. కరువు ఉన్నన్నాళ్ళూ, ఏడాదికి పైగా, ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం మతం మారారన్న మాట పడకూడదని. వర్షాలు పడి పని అయిపోయాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో దిగి వంతులు మార్చుకుంటూ. లోకమంతా ఆ అంకె చెప్పుకుంటుంది. నాకు మాత్రం అంతకుముందు గట్టు మీద గడిచిన మధ్యాహ్నాలే పెద్దవిగా కనపడతాయి. ఏ ఊళ్ళో ఎవరు పోయారో, ఎవరింట్లో పిల్లలు మిగిలారో ఆ బోధకులకి తెలిసింది అక్కడే అయ్యుండాలి. ఈ కథని మనం క్లౌ దొర కథగా చెప్పుకుంటాం, దొరలు పుస్తకాలు రాశారు కాబట్టి. తన కూలిలో చారెడు గింజలు పక్క గుంటలో తవ్వేవాడికి ఇచ్చినవాడు పుస్తకం రాయలేదు.

ఆ చారెడు గింజలకి వారసత్వం మాత్రం ఉంది. పిడికెడు బియ్యం. మన పల్లెల్లో చాలా సంఘాల్లో ఆడవాళ్ళు ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు, ఆదివారం గుడికి తెస్తారు. మిజోరాంలో 1910 నుంచి ఇది ఎంత పద్ధతిగా సాగుతోందంటే అక్కడి సంఘాల ఆదాయంలో అదొక పెద్ద పద్దు. పిడికెడు ఇవ్వలేనంత పేద ఇల్లు ఉండదు, అది దీని కిటుకు. నిన్న సంచి అందుకున్న ఇల్లే ఇవాళ పిడికెడు తీస్తుంది. నాన్న లేచి పనికి వెళ్ళిన వారమే అమ్మ ఆ డబ్బా మళ్ళీ మొదలుపెట్టింది. చిన్న పిడికెడు తీస్తే మమ్మల్ని కోప్పడేది.

ఇక పేర్ల సంగతి. పేరు చదవడంలో పరువు ఒక్కటే కాదు, అసలైన ప్రమాదం కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో మినహాయింపు దొరికింది, వీళ్ళకి దొరకలేదు. మన దగ్గర బీసీ-సిలో ఒక్క శాతం రిజర్వేషన్ కింద సర్దుకోవాలి. కాబట్టి ఆదివారం గుళ్ళో కూర్చునే చాలామందికి సర్టిఫికెట్లో ఇంకో పేరు, ఇంకో మతం. గుడి రిజిస్టరులో సంతకం అంటే గుండె దడ. ఇంటికొచ్చేముందు పెద్దమ్మ ఆ నోట్‌బుక్ తెప్పించి చూపించింది. అన్నీ పిలుపు పేర్లే. చిన్నోడి అమ్మ, రేషన్ షాపు పక్కింటాయన, పెద్ద బుజ్జి. ఆ పేరుతో అన్నం నేరుగా ఇంటికి చేరుతుంది, ఏ ఆఫీసులోనూ ఏ కాగితం మీదా పనికిరాదు. ఇది ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టిన ఏర్పాటు కాదు. దానంతట అదే కుదిరింది.

నేను వెళ్ళే సిటీ చర్చిలో గుమ్మం దగ్గర ఒక అద్దాల పెట్టె ఉంది. చీటీ రాసి వెయ్యాలి, పేరు అక్కర్లేదు. పాస్టరుగారు పెట్టె మీద చెయ్యి ఉంచి అన్నిటికీ కలిపి ప్రార్థిస్తారు. మర్యాదగా ఉంటుంది, చప్పుడుండదు, నాబోటివాళ్ళకి సరిగ్గా సరిపోతుంది. నా పక్క కుర్చీలో కూర్చునేవాడికి ఉద్యోగం పోయిందో, భార్య పోయిందో నాకు తెలియదు. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పోయిన నెల ఒకాయనకి గుండె ఆపరేషన్ అయితే వరసగా దణ్ణాలు, దణ్ణాలు, పూలగుత్తులు. ఆ ఇంటికి ఒక్క క్యారేజీ వెళ్ళలేదు. వెచ్చగా ఉండండి, కడుపునిండా తినండి అని చెప్పి ఉత్తచేతులతో పంపేసేవాళ్ళని యాకోబు తన పత్రికలో దులిపేశాడు. ఆయన కాలంలో ఫోన్లు లేవు, అలవాటు మాత్రం ఉండేదన్నమాట.

పెద్దమ్మ సంఘాన్ని నేను నెత్తిన పెట్టుకోవడం లేదు. రెండో శతాబ్దంలోనే లూషియన్ అనే గ్రీకు వ్యంగ్య రచయిత క్రైస్తవుల్ని చూసి నవ్వాడు. పెరిగ్రినస్ అనే టక్కరి జైల్లో పడితే తెల్లారగానే విధవలు, అనాథ పిల్లలు జైలు గుమ్మం దగ్గర కాచుకుని ఉన్నారట, లోపలికి రకరకాల వంటలు వెళ్ళాయట, దూరదూరాల ఊళ్ళ నుంచి సంఘం ఖర్చుతో మనుషులు వచ్చారట. ఇలాంటివాళ్ళ మధ్యకి మోసగాడు వస్తే ఇట్టే ధనవంతుడవుతాడని తేల్చాడు. నిజమే, అలాంటివాళ్ళని టీవీలో రోజూ చూస్తున్నాం. పంచుకోవడం మొదలైన రోజే తగువూ మొదలైంది. యెరూషలేములో గ్రీకు మాట్లాడే విధవలకి రోజువారీ పంపకంలో అన్యాయం జరుగుతోందని సణుగుడు లేచిందని, దానికోసం ఏడుగురిని నియమించారని అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయంలో దాచకుండా రాసి ఉంది. మన దగ్గర ఆ విధవల జాగాలో మాలలూ మాదిగలూ ఉంటారు, వేరు వేరు గుళ్ళు ఉంటాయి, వేరు వేరు డబ్బాలు ఉంటాయి.

బుధవారం పెద్దమ్మ ఫోన్ చేసింది. చిట్టీ ఆయన దగ్గరికి సంఘంలో ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి వెళ్ళి కాగితాలన్నీ చూశాడట. అసలు కంటే వడ్డీయే ఎక్కువ రాశారని తేలిందట. తాకట్టు మనిషితో ఇద్దరు పెద్దలు మాట్లాడుతున్నారు. ఇంటికి మాత్రం రోజూ రాత్రి ఒక ఇంటినుంచి క్యారేజీ వెళుతోంది, ఈ శుక్రవారం పెద్దమ్మ వంతు.

"కొమ్ము లోపలికి తిప్పమని పాస్టరుగారికి చెప్పావా?" అన్నాను.

"చెప్పాను. ఆలోచిస్తామన్నారు. పై ఆదివారం పిడికెడు బియ్యం లెక్కలు చదువుతారు, వస్తావా? పై వీధికి రెండుసార్లు ఇచ్చారని కింద వీధివాళ్ళు కాచుకుని కూర్చున్నారు. ముగ్గురు లేచి అరుస్తారు. నేనొకదాన్ని."