అరచుక్క డీజిల్ లెక్క

సంక్రాంతి దాటిందంటే ఆర్మూర్ చుట్టుపక్కల పసుపు తవ్వకాలు మొదలవుతాయి. వేల్పూర్, బాల్కొండ, మోర్తాడ్, జక్రాన్‌పల్లి, ఎటు పోయినా కల్లాల్లో ఉడికిన కొమ్ముల వాసనే. జూన్‌లో పెట్టిన విత్తనం తొమ్మిది నెలలకు చేతికొచ్చినా రైతుకు తీరిక దొరకదు. తవ్వాలి, కాడి (కొమ్ము), మండ (గడ్డ) వేరు చేయాలి, ఉడకబెట్టాలి, పది పదిహేను రోజులు ఎండబెట్టాలి, ఆపైన పాలిష్ పట్టాలి. అప్పుడుగానీ సరుకు నిజామాబాద్ యార్డుకు ఎక్కదు. పసుపు గురించి రాసేవాళ్లు ధర గురించి రాస్తారు, బోర్డు గురించి రాస్తారు. 2025లో జాతీయ పసుపు బోర్డు కార్యాలయం నిజామాబాద్‌లో తెరుచుకున్నాక ఆ రాతలు ఇంకా పెరిగాయి. పాలిష్ డ్రమ్మును తిప్పే ట్రాక్టర్ ఊసు వాటిలో కనబడదు. ఆ ట్రాక్టర్ లోపల డీజిల్‌ను కొలిచి, సమయానికి వదిలే ఇనుప యంత్రాంగం సంగతి సరేసరి.

కొలత అనే మాట ఊరికే వాడలేదు. కరెంటు సరిగా లేని రోజుల్లో బావుల మీద నడిచిన ఐదు హార్స్‌పవర్ ఆయిల్ ఇంజన్‌నే తీసుకోండి. నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకు ఒకసారి డీజిల్ పడుతుంది. అంటే నిమిషానికి 750 సార్లు, గంటకు 45 వేల సార్లు. గంటకు అది తాగేది కాస్త అటూ ఇటుగా లీటరుకు పైన. భాగిస్తే ఒక్కోసారి పడేది ఇరవై నాలుగు ఘన మిల్లీమీటర్లు, మన మందు సీసా డ్రాపర్ నుంచి జారే చుక్కలో సగం. ఆ అరచుక్కను సెకనులో ఐదొందలో వంతు కాలంలో, పొగమంచులా చిమ్మాలి. ముందు పడితే ఇంజన్ కొట్టుకుంటుంది, ఆలస్యంగా పడితే పొగ. ఎక్కువ పడితే నల్లపొగ, తక్కువైతే గుంజదు. ఇంత పనికీ అందులో ఒక్క తీగ లేదు, బ్యాటరీ లేదు. ఉన్నవల్లా ఒక కామ్, ఒక ప్లంజర్, రెండు మూడు స్ప్రింగులు.

ఈ కొలత జరిగే డీజిల్ పంపులో ప్లంజర్ అంటే చిటికెన వేలంత ఉక్కు కడ్డీ. అది దూరే గొట్టం బ్యారెల్. రెంటినీ కలిపి మెకానిక్‌లు ఎలిమెంట్ అంటారు. రెంటి మధ్య ఖాళీ రెండు మూడు మైక్రాన్లు; తలవెంట్రుక మందం దానికి ఇరవై రెట్ల పైమాటే. మధ్యలో రబ్బరు వాషర్ గానీ రింగు గానీ ఏమీ ఉండదు, ఆ నునుపే అడ్డుకట్ట. అందుకే ఒక బ్యారెల్‌కు పుట్టిన ప్లంజర్ ఇంకో బ్యారెల్‌లో పనికిరాదు. నాలుగు ఎలిమెంట్లు ఒకేసారి విప్పినప్పుడు మంచి ఉస్తాద్ నాలుగు గిన్నెలు పెట్టుకుంటాడు. అన్నీ ఒకే గిన్నెలో పడేసే షాపుకు మీ పంపు ఇవ్వకండి.

అసలు తెలివి ప్లంజర్ ఒంటి మీద ఏటవాలుగా కోసిన గాడిలో ఉంది. కామ్ అనే ఉబ్బు చక్రం ప్లంజర్‌ను ఎప్పుడూ ఒకే ఎత్తుకు తోస్తుంది, ఆ ఎత్తు మారదు. మరి డీజిల్ ఎక్కువ తక్కువ ఎలా అవుతుంది? ప్లంజర్ పైకి పోతూ బ్యారెల్ పక్కనున్న రంధ్రాన్ని మూసిన క్షణం నుంచి ఒత్తిడి పుడుతుంది. ఏటవాలు గాడి అంచు అదే రంధ్రం దగ్గరికి రాగానే దారి తెరుచుకుని, మిగిలిన డీజిల్ వెనక్కి పారిపోతుంది. ప్లంజర్‌ను ఉన్నచోటే కాస్త తిప్పితే గాడి అంచు రంధ్రానికి తొందరగా తగలొచ్చు, ఆలస్యంగా తగలొచ్చు. అంతే. తిప్పేది ర్యాక్ అనే పళ్ల కడ్డీ. ఎక్సలేటర్ నొక్కినప్పుడు కదిలేది చివరికి అదే.

పంపు పైన డెలివరీ వాల్వు ఉంటుంది. చూడటానికి చిన్నది. అది మూసుకునేటప్పుడు పైపులోంచి రవ్వంత డీజిల్‌ను వెనక్కి గుంజుకుంటుంది. ఆ గుంజడం వల్లే, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ దగ్గర ఒత్తిడి ఠక్కున పడిపోయి సూది మూసుకుంటుంది. లేకపోతే చివరి బొట్టు వేలాడి, కాలక మసి కడుతుంది.

నాజిల్ సంగతి ఇంకా సూక్ష్మం. దానిలో సూదిని కిందికి నొక్కిపెట్టేది స్ప్రింగు, పైకి లేపేది డీజిల్ ఒత్తిడే. ట్రాక్టర్ ఇంజన్లలో సాధారణంగా 175 నుంచి 250 బార్ల మధ్య అది తెరుచుకుంటుంది. లేచేది మిల్లీమీటరులో మూడో నాలుగో వంతు. ఎంత ఒత్తిడికి లేవాలన్నది స్ప్రింగు కింద పెట్టే షిమ్ అనే పలుచని బిళ్ల తేలుస్తుంది.

ఆర్మూర్ లాంటి పట్నంలో పంపు నాజిల్ షాపుకు కొరత ఉండదు. 44వ, 63వ జాతీయ రహదారులు కలిసే చోటు ఇది; లారీలకు లారీలు, ట్రాక్టర్లకు ట్రాక్టర్లు. ఏ షాపులోనైనా ముందు చూడాల్సింది ఒక పరీక్ష. ఉస్తాద్ నాజిల్ సూదిని శుభ్రమైన డీజిల్‌లో ముంచుతాడు. బాడీని ఏటవాలుగా పట్టుకుని సూదిని మూడో వంతు పైకి లాగి వదిలేస్తాడు. తన బరువుకే అది మెల్లగా, ఎక్కడా ఆగకుండా కిందికి జారాలి. ఆగిందంటే మురికి ఉందని, లేదా సూది వంగిందని అర్థం. దబ్బున పడిందంటే అరిగిపోయింది. ఈ పరీక్షకు మీటరు అక్కర్లేదు. కన్ను, ఓపిక ఉంటే చాలు.

తర్వాత నాజిల్‌ను చేతి టెస్టర్‌కు బిగిస్తాడు. హ్యాండిల్ కొడుతుంటే గేజీ ముల్లు ఎక్కుతుంది, ఒకచోట సూది లేచి చర్‌మని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు తెగి తెగి రావాలి. చిమ్మిన డీజిల్ పొగలా ఉండాలి, ధారలా ఉంటే ఆ నాజిల్ పనికిరాదు. చివరగా, తెరుచుకునే ఒత్తిడికి పది ఇరవై బార్లు తక్కువలో ముల్లును నిలిపి పది సెకన్లు చూస్తాడు. కొసన బొట్టు జారకూడదు. జారితే నాజిల్ కారుతున్నట్టు. ఒక్క జాగ్రత్త: ఆ చిమ్ముడు ముందు అరచేయి పెట్టకండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది పోటంత గాయమే కనిపించినా వేలు తీసేయాల్సి వచ్చిన సందర్భాలు వైద్య పుస్తకాల్లో ఉన్నాయి.

టైమింగ్ కట్టడంలో ఉన్న అందం నాకైతే వీటన్నిటికంటే గొప్ప. పంపు మీది డెలివరీ వాల్వు తీసేసి, హంస మెడలా వంగిన చిన్న గొట్టం బిగిస్తారు. డీజిల్ వదిలితే గొట్టం కొసనుంచి కారుతుంది. ఇప్పుడు ఫ్లైవీల్‌ను చేత్తో, చాలా నెమ్మదిగా తిప్పుతారు. ధార సన్నబడుతుంది, బొట్లుగా మారుతుంది, బొట్టుకూ బొట్టుకూ ఎడం పెరుగుతుంది, ఆగిపోతుంది. ఆగిన ఆ క్షణమే ప్లంజర్ రంధ్రాన్ని మూసిన క్షణం. అప్పుడు ఫ్లైవీల్ మీద గుర్తు ఎక్కడుందో చూస్తారు. పిస్టన్ పైకి చేరడానికి కంపెనీ చెప్పినన్ని డిగ్రీల ముందు అది ఉండాలి. చాలా పాత ఇంజన్లలో ఇరవై చిల్లర. తేడా ఉంటే పంపు కింద షిమ్ మార్చడమో, పంపును తన ఫ్లాంజి గాళ్లలో కాస్త తిప్పడమో చేస్తారు. సెకనులో వెయ్యో వంతు తేడాను బొట్టు ఆగడం చూసి పట్టుకునే పద్ధతి ఇది.

ఇక పసుపు డ్రమ్ము. ఎండిన కొమ్ములు డ్రమ్ములో పోసి తిప్పితే ఒకదానికొకటి, డ్రమ్ము గోడకూ రాసుకుని పైపొట్టు, వేర్లు రాలి మెరుపు వస్తుంది. డ్రమ్ము నెమ్మదిగా, ఒకే తీరున తిరగాలి. వేగం హద్దు దాటితే కొమ్ములు గోడకు అతుక్కుని తిరుగుతాయి, రాపిడే ఉండదు. ఎగిరెగిరి పడితే విరిగి చూర పెరుగుతుంది, యార్డులో చూర ధర వేరు. సరుకు పోయగానే ఇంజన్ మీద బరువు పడుతుంది, పొట్టు రాలేకొద్దీ ఆ బరువు తగ్గుతుంది. ట్రాక్టర్ సీట్లో ఎవరూ కూర్చుని ఎక్సలేటర్ సవరించరు. లివర్ ఒకచోట పెట్టి డ్రైవర్ చాయ్‌కి పోతాడు. సవరించేది గవర్నర్.

గవర్నర్‌లో రెండు బరువు గుండ్లు ఇంజన్‌తో పాటు తిరుగుతుంటాయి. వేగం పెరిగితే బయటికి విచ్చుకుని ర్యాక్‌ను వెనక్కి నెడతాయి, డీజిల్ తగ్గుతుంది. బరువు పడి వేగం తగ్గితే గుండ్లు లోపలికి ముడుచుకుంటాయి, స్ప్రింగు ర్యాక్‌ను ముందుకు తోస్తుంది. ప్లంజర్ ఓ అణువంత తిరుగుతుంది, అరచుక్క కాస్తా ముప్పావు చుక్కవుతుంది. సరుకు పోసినప్పుడు ఇంజన్ ఒక్క క్షణం కుంగి, గొంతు బొంగురుపోయి, మళ్లీ నిలదొక్కుకోవడం కల్లంలో ఎవరైనా వినొచ్చు. గవర్నర్ లింకులు అరిగితే మాత్రం ఆ నిలకడ పోయి ఇంజన్ ఎక్కుతూ దిగుతూ ఊగుతుంది. మెకానిక్‌లు హంటింగ్ అనేది దీన్నే. పాలిష్ సరిగా రాలేదని డ్రమ్మును తిట్టే ముందు ఇంజన్ చప్పుడు వినడం మంచిది.

ఈ విద్య మొదట్లో ఇంత కుదురుగా లేదు. రుడాల్ఫ్ డీజిల్ 1893లో పేటెంట్ పొంది, 1897లో ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించిన ఇంజన్‌లో ఇంధనాన్ని లోపలికి ఊదింది గాలి. దానికోసం ఒక పెద్ద కంప్రెషర్ ఇంజన్‌కే మోత. ఇంధన వాల్వును కామ్ లివర్‌తో ఎత్తేది. తర్వాత, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ జలాంతర్గాముల ఇంజన్లకు వికర్స్ కంపెనీ ఇంకో దారి పట్టింది: పంపు ఒక ఉమ్మడి పైపును ఎప్పుడూ ఒత్తిడితో నింపి ఉంచుతుంది, ఒక్కో సిలిండర్ వాల్వును కామ్ తన వేళకు తెరుస్తుంది. ఉమ్మడి పైపు అంటే కామన్ రైలే. 1997లో ఆల్ఫా రోమియో కారులో వచ్చి ప్రపంచమంతా కొత్తగా చెప్పుకున్న కామన్ రైల్‌కు తాత ఇదన్నమాట. అప్పుడు కామ్ తెరిచిన వాల్వును ఇప్పుడు కంప్యూటర్ ఆదేశంతో విద్యుత్తు తెరుస్తోంది. షోరూముల్లో ఈ ముక్క చెప్పరు.

పంపును చిన్నది చేసి లారీలోకి, ట్రాక్టర్‌లోకి ఎక్కించిన ఘనత రాబర్ట్ బాష్ కంపెనీది. 1922లో పని మొదలుపెట్టి 1927లో పంపుల తయారీకి దిగింది. మన దేశానికి 1951లో బెంగళూరులో పుట్టిన మైకో ద్వారా ఆ పంపు చేరింది. ఆ కంపెనీ 2008లో బాష్ అని పేరు మార్చుకున్నా, మన షాపుల్లో ఇప్పటికీ మైకో పంపు, మైకో నాజిల్ అనే అంటారు.

ఇంత ఓర్పుగల యంత్రాంగానికీ శత్రువులున్నారు. మొదటిది నీళ్లు. డ్రమ్ముల్లో నిల్వ పెట్టిన డీజిల్‌లో తేమ చేరి, అద్దంలాంటి ఆ ఉక్కుకు తుప్పు పడుతుంది. రెండోది కల్తీ. ప్లంజర్‌కు వేరే కందెన లేదు, డీజిలే దానికి నూనె. రేషన్ షాపులో నీలం కిరసనాయిలు చౌకగా దొరికిన రోజుల్లో కలిపి పోసినవాళ్లు మిగుల్చుకున్నది వందల్లో, ఎలిమెంట్లకు పెట్టింది వేలల్లో. మూడోది మనిషి ఆశ. పంపు మీద సీలు వేసిన మరను రెండు చుట్లు తిప్పి డీజిల్ పెంచితే దుక్కిలో బండి గట్టిగా గుంజుతుంది, నిజమే. కానీ లోపలికి వచ్చే గాలి పెరగదు కదా. కాలని డీజిల్ నల్లపొగగా పోతుంది, కొంత సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, పిస్టన్ రింగులు అరుగుతాయి. ఇక గాలి గుంజుకుని ఆగిపోయే ఇంజన్ల సంగతి తెలిసిందే. ట్యాంకు అడుగంటిన ప్రతిసారీ పంపు పక్క మర వదులు చేసి, నురగ పోయి తేట డీజిల్ వచ్చేదాకా చేతి ప్రైమర్ కొట్టాల్సిందే.

మెకానికల్ పంపుకు లోపాలు లేవని నేననను. బయట ఎండ ఎంత, లోపలికి గాలి ఎంత వస్తోంది అన్నది దానికి తెలియదు. ఒక్కసారికి ఒక్క చిమ్ముడే తెలుసు. కామన్ రైల్ రెండు వేల బార్ల దాకా ఒత్తిడితో ఒకే మంటకు మూడు నాలుగు చిమ్ముళ్లు చేసి, చప్పుడూ పొగా రెండూ తగ్గిస్తుంది. ఊపిరితిత్తులకు అదే మంచిది, ఇందులో వాదన లేదు. 2023 జనవరి 1 నుంచి 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు కఠిన పొగ ప్రమాణాలు వచ్చి, ఆ తరగతి కామన్ రైల్ వైపు మళ్లింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు రావడంతో ఆయిల్ ఇంజన్లు ఎప్పుడో కొట్టాల్లో చేరాయి.

అయినా మన పసుపు చేలల్లో తిరిగే బండ్లలో ఎక్కువ 50 హార్స్‌పవర్ లోపువే, పాతవే. వాటి పంపులు ఇంకా ఎన్నో ఏళ్లు నడుస్తాయి. బొట్టు ఆగడం చూసి టైమింగ్ కట్టగల చేతులు మాత్రం అంతకాలం ఉంటాయన్న భరోసా లేదు. ఉస్తాద్‌ల కొడుకులు గల్ఫ్ పోతున్నారు. స్కానర్ తగిలించి తప్పు కోడ్ చదవడం నేర్చిన కుర్రాడికి నాజిల్ చప్పుడు అర్థం కాదు. పాత ఉస్తాద్‌కు స్కానర్ తెలియదు. ఐటీఐల్లో మెకానిక్ డీజిల్ అనే ఏడాది కోర్సు ఉంది. అందులో ఈ రెండు విద్యలనూ చేతిపనిగా, బెంచి దగ్గర నిలబెట్టి నేర్పించాలి. సాయంత్రాలు ఉస్తాద్‌లను పిలిచి, రోజు కూలి ఇచ్చి చెప్పించినా సరే.

రైతులకు ఒక మాట. ఈ సీజన్‌లో డ్రమ్ము కట్టే ముందు డీజిల్ ఫిల్టర్ గిన్నె విప్పి, అడుగున నీళ్లున్నాయేమో చూసుకోండి. పంపు సీలు మాత్రం, ఎంత పవర్ పెంచుతానన్నా, ఎవరినీ తెంపనివ్వకండి.