తాడు వదిలే చెయ్యి

నీళ్ల మీద లేచి నిలబడాలంటే ముందు నీళ్లలో గొంతుక్కూర్చోవడం చేతకావాలి. మోకాళ్లు గుండెకు ఆనించి, చేతులు బారచాచి, స్కీల ముక్కులు నీటి పైకి తేల్చి, ఇక ఏమీ చేయకుండా ఉండాలి. లేపే పని తాడుతో లాగే బోటుది. పెద్దవాళ్లకు ఈ ఏమీ చేయకపోవడం ఓ పట్టాన అబ్బదు. తాడు బిగిసీ బిగియకముందే లేవబోతారు, బొక్కబోర్లా పడతారు. అమెరికాలో, మినెసోటా రాష్ట్రంలో మా అమ్మాయి వాళ్లింటి దగ్గరి సరస్సులో నేను వరసగా ఆరుసార్లు పడ్డాను. ఒడ్డునున్న మనవరాలు ఉండబట్టలేక, "లేవకు తాతయ్యా, బోటు లేపుతుంది!" అని అరిచింది. అప్పుడు దానికి ఐదేళ్లు. ఈ విద్య దానికి రెండో సాయంత్రానికే వచ్చేసింది. అయితే దాని కాళ్ల కింద ఉన్నవి స్కీలు కావు, గాలి కొట్టిన ట్రైనర్.

చూడ్డానికది గాలి పరుపుకీ పడవకీ మధ్య రకం వస్తువు. పక్కపక్కన రెండు లావుపాటి గాలి గొట్టాలు, వాటిని కలుపుతూ చదునైన భాగం, పాదాలు దూర్చడానికి రెండు గుంటలు. ముందు ముక్కుకి బోటు తాడు తగిలించే చోటుంటుంది. అదే ముక్కు నుంచి పిల్లల చేతికి అందేలా ఓ పొట్టి తాడు, దానికో పిడి. కిటుకంతా ఈ రెండు తాళ్ల ఏర్పాటులోనే ఉంది. బోటు లాగేది ట్రైనర్ ముక్కుని. పిల్ల చేతుల్ని కాదు. చేతిలో ఉన్న పిడి పట్టుకోవడానికే, గుర్రం మీద కళ్లెంలాగా.

మామూలు స్కీల మీదైతే బోటు బలమంతా పిల్ల వేళ్ల నుంచి భుజాలకి, నడుముకి, కాళ్లకి పాకుతుంది. ఇరవై కిలోల పిల్లకి అది మోయలేని బరువు. దానికి తోడు స్కీలు రెండూ చెరో దారి పడతాయి. వాటిని దగ్గరగా పట్టి ఉంచాల్సిన తొడ కండకి ఆ వయసులో అంత బిగువుండదు. అందుకే పిల్లల స్కీల మధ్య ఓ అడ్డపట్టీ బిగించి ఇస్తారు. గాలి ట్రైనర్ ఆ అడ్డపట్టీకి పెద్దక్క. వెడల్పెక్కువ, తేలే గుణమెక్కువ కనక, మామూలు స్కీలు మునిగిపోయేంత నెమ్మది వేగంలో కూడా పిల్లని నీటి పైకి తెస్తుంది.

నీళ్ల మీద స్కీలతో జారే ఈ విద్య పుట్టింది కూడా మినెసోటాలోనే. మిసిసిపీ నది ఒకచోట వెడల్పుగా పరుచుకుని పెపిన్ సరస్సు అవుతుంది. దాని ఒడ్డున లేక్ సిటీ అనే చిన్న ఊరు. 1922 వేసవిలో రాల్ఫ్ శామ్యూల్సన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడికి, మంచు మీద జారినట్టు నీళ్ల మీద జారలేమా అని తోచింది. మొదట పీపా చెక్కలు కట్టుకున్నాడు, మునిగాడు. మంచు స్కీలు కట్టుకున్నాడు, మళ్లీ మునిగాడు. చివరికి ఎనిమిదడుగుల పొడవు, తొమ్మిదంగుళాల వెడల్పు పైన్ పలకలు రెండు కొని, తల్లి బట్టలు ఉడకబెట్టే రాగి కాగులో వాటి కొసలు మరగబెట్టి మెత్తబరిచి, పైకి వంచి బిగించాడు. పాదాలకి తోలు పట్టీలు, లాగడానికి కిటికీ రెక్కలకి వాడే తాడు, పట్టుకోవడానికి ఇనప కడియం. అన్న బెన్ బోటు నడిపాడు. రోజుల తరబడి పడుతూ, స్కీల ముక్కులు నీటికి పైన ఉంచి వెనక్కి వాలాలన్న సంగతి కనిపెట్టి, జులై 2న లేచి నిలబడ్డాడు. మర్నాడు అతనికి పందొమ్మిది నిండాయి. వెనక్కి వాలి, ముక్కులు పైకి: ఇప్పటికీ మొదటి పాఠం అదే. పాపం అతను పేటెంటు తీసుకోలేదు. 1925లో ఆ పని ఫ్రెడ్ వాలర్ అనే న్యూయార్క్ ఆసామి చేశాడు. తర్వాతి రోజుల్లో సినేరమా తెర కనిపెట్టింది కూడా ఈ వాలరే. శామ్యూల్సన్‌ని ఈ క్రీడకి పితామహుడిగా అమెరికా వాటర్ స్కీ సంఘం గుర్తించేసరికి 1966 వచ్చింది.

పదెకరాలకి మించిన సరస్సులే 11,842 ఉన్న రాష్ట్రమది. అక్కడ సరస్సు ఒడ్డున చెక్క ఇల్లుండటం, వేసవిలో తాత బోటు నడుపుతుంటే మనవలు వెనక తాడు పట్టుకోవడం, మన దగ్గర సెలవలకి అమ్మమ్మగారింటికి వెళ్లడం లాంటిది. స్కీ బడికి పంపరు. ఇంట్లో ఒకరికొచ్చింది ఇంకొకరికి నేర్పుతారు. మా అల్లుడికి నేర్పింది పొరుగింటి పెద్దాయన. ఆయనకి డెబ్బై దాటాయి, మాటలు తక్కువ. ట్రైనర్ కొన్నాం నేర్పండి అంటే ఆయన ముందు దాన్ని పచ్చిక మీదకి తెమ్మన్నారు. నీళ్ల దగ్గరికి కూడా పోనివ్వలేదు.

పచ్చిక మీద పిల్ల పాదాలు గుంటల్లో పెట్టి కూర్చుంది. మోకాళ్లు దగ్గరికి, చేతులు తిన్నగా. ఆయన తాడు పట్టుకుని మెల్లగా లాగారు. చేతులు మడిస్తే ఆపేశారు. తొందరపడి లేస్తే ఆపేశారు. పిర్రలు పైకెత్తి కాళ్లు బిగదీస్తే నవ్వి ఆపేశారు. కుర్చీలోంచి లేస్తున్నట్టు కాదు, కుర్చీయే నిన్ను పైకెత్తుతున్నట్టు అన్నారు. ఆ తర్వాత పడటం నేర్పారు. పిడి వదిలెయ్, పక్కకి ఒరిగిపో. పిడి వదలకపోవడమే పిల్లలు చేసే పెద్ద తప్పట. గట్టిగా పట్టుకో అని మనం పుట్టినప్పటి నుంచీ చెబుతూ వస్తాం మరి. ఇరవైసార్లు వదిలించారు. అప్పుడు మోకాలి లోతు నీళ్లలోకి దింపి, తనే తాడు పట్టుకుని ఒడ్డు వెంట నడిచారు. ఇంజను స్టార్టయింది మర్నాడు సాయంత్రం, గాలి పడిపోయి నీళ్లు పళ్లెంలా ఉన్నప్పుడు.

ఇక బోటులోకి వచ్చిన తాడు సంగతి. పెద్దవాళ్ల స్కీ తాడుని బోటు కొక్కేనికి కడతారు. చాలా పిల్లల ట్రైనర్లకి అలా కట్టకూడదు. తాడు రెండో కొసకి కూడా ఓ పిడి ఉంటుంది. బోటు వెనక సీట్లో, పిల్ల వైపుకి తిరిగి కాళ్లు తన్నిపెట్టుకుని కూర్చున్న పెద్ద మనిషి దాన్ని చేత్తో పట్టుకోవాలి. పిల్ల ఒరిగిన క్షణంలో వదిలెయ్యాలి. ట్రైనర్ అక్కడికక్కడే ఆగిపోతుంది. కట్టేస్తే ఏమవుతుంది? పడ్డ పిల్ల పాదం గుంటలోంచి ఊడిరాకపోతే, బోటు నడిపేవాడు తేరుకుని ఇంజను తగ్గించేదాకా నీళ్లలో ఈడ్చుకుపోతుంది. చేత్తో పట్టుకోమన్నారని మణికట్టుకి చుట్టుకోవడం అంతకంటే ప్రమాదం.

ఆ రోజు తాడు మా అల్లుడి చేతిలో ఉంది. చూస్తుంటే నాకు మా ఊరి మోటబావి గుర్తొచ్చింది. నా ఏడో ఏట మా పెదనాన్నగారు నా వీపుకి బెండ్లు కట్టి, నడుముకి చేంతాడు బిగించి, మెట్ల మీంచి నీళ్లలోకి తోశారు. రోజులు గడిచేకొద్దీ ఒక్కో బెండూ తీసేస్తూ వచ్చారు. ఎప్పుడు తీశారో చెప్పేవారు కాదు. ట్రైనర్ కూడా ఆ జాతిదే, ఏదో ఒక రోజు తీసేయడానికే కట్టేది. కానీ తాడు దగ్గర లెక్క తిరగబడింది. బావిలో చేంతాడు వదిలితే పిల్లాడు పోతాడు. ఇక్కడ వదలకపోతే పోతాడు. మన చేతులకి మొదటిదే అలవాటు. మొదటి రెండుసార్లు మనవరాలు పడ్డప్పుడు మా అల్లుడు తాడు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. పెద్దాయన బోటు ఆపి, పిల్లకి చెప్పినట్టే అతనికీ చెప్పారు. వదలడం సాధన చేయమన్నారు. ఖాళీ ట్రైనర్ లాగుతూ ఆయన "ఫాల్" అనగానే ఇతను వదలాలి. పది నిమిషాలు అదే ఆట.

మిగతా నియమాలు అక్కడ ఐదో తరగతి పిల్లకి కూడా తెలుసు. నడిపేవాడు ముందుకి చూడాలి, వెనక్కి చూడటానికి వేరే మనిషుండాలి. చాలా రాష్ట్రాల్లో ఇది చట్టం. పొద్దుపోయాక లాగకూడదు. కోస్ట్ గార్డ్ నియమం ప్రకారం కదిలే బోటులో 13 ఏళ్ల లోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకోవాలి. రాష్ట్రానికి సొంత నియమం ఉంటే అది చెల్లుతుంది. తాడు వెనక ఉన్నవాళ్లకైతే వయసుతో పనిలేదు, అందరికీ జాకెటే. అది నురుగు నింపినదై ఉండాలి, గాలి ఊదుకునే రకం ఈ పనికి ఒప్పుకోరు. వేశాక జాకెట్ భుజాలు పట్టి పిల్లని పైకెత్తి చూడాలి. జాకెట్ చెవుల దాకా జారి వచ్చిందంటే అది అన్నయ్య జాకెట్ అన్నమాట. బొటనవేలు పైకి చూపితే వేగం పెంచమని, కిందికి చూపితే తగ్గించమని, నెత్తి తట్టుకుంటే ఇంటికి పోదామని. పిల్లలు నెత్తి తట్టుకోరు, కాబట్టి పెదాలు నీలంగా మారాయో లేదో మనమే చూడాలి.

ఒక్క విషయం దగ్గర మాత్రం ఆగాలి. పడ్డ పిల్ల దగ్గరికి బోటు తిప్పుకొచ్చినప్పుడు, పిల్లని నడిపేవాడి వైపే, కంటికి ఆనేలా ఉంచుకోవాలి. ఎక్కించుకునేటప్పుడు ఇంజను పూర్తిగా ఆపాలి. న్యూట్రల్ చాలదు. నీళ్ల కింద తిరిగే పంఖా కనిపించదు కనక దాని భయం ఉండదు. అలాగే బోటు వెనక మెట్టు మీద పిల్లల్ని కూర్చోబెట్టి ఇంజను నడపకూడదు. ఆ చోట పొగగొట్టం నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. రంగూ లేదు, వాసనా లేదు. తల తిరుగుతోంది అన్న పిల్లని అలలకి కళ్లు తిరిగాయనుకుంటాం.

వేగానికొస్తే, ఈ బరువు పిల్లలకి గంటకి 15 కిలోమీటర్లు అటూ ఇటూ సరిపోతుంది. మలుపులు విశాలంగా తీసుకోవాలి. గిర్రున తిప్పితే బోటు మామూలు వేగంలోనే ఉన్నా బయటి వైపునున్న ట్రైనర్ వేగం ఎక్కడికో పోతుంది. తాడు పొట్టిగా ఉంటే పిల్ల బోటు అలల మధ్యలో నున్నని చోట ఉంటుంది, తండ్రి మొహం కూడా కనిపిస్తుంది. రెండోదే ముఖ్యమని నాకనిపించింది.

గాలి ట్రైనర్లో పెట్టిన గాలిదీ ఓ కథ. ఎండలో కాగుతున్న చెక్క రేవు మీద మిట్ట మధ్యాహ్నం బిగుతుగా గాలి కొట్టాం. నీళ్లలో వేసిన పావుగంటకి మధ్యలో మెత్తబడి మడతపడింది. చిల్లి పడిందనుకుని సబ్బునీళ్లు రాసి వెతికాం, బుడగ ఒక్కటీ రాలేదు. చిల్లి లేదు, చల్లబడింది అంతే. 45 డిగ్రీల గాలి 20 డిగ్రీల నీటిలోకి దిగితే దాదాపు 8 శాతం కుంచించుకుంటుంది. అసలే తక్కువ ఒత్తిడి మీద నిలిచే వస్తువుకి అది తక్కువేం కాదు. మెత్తబడ్డ ట్రైనర్ ముక్కు నీళ్లలోకి దిగుతుంది, పిల్ల ముందుకి తూలుతుంది. కాబట్టి నీళ్లలో తేల్చి, చల్లబడ్డాక ఇంకో నాలుగు పోట్లు కొట్టాలి. పైకి తెచ్చి ఎండలో పడేసేముందు ఆ నాలుగూ తీసేయాలి. ఈ రెండోది మరిచిపోతే కుట్ల దగ్గర ఉబ్బి విచ్చుకుపోతుంది. కారు టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్ దీని దగ్గరికి తేకూడదు. చేతి పంపు చాలు. అమ్మిన కంపెనీ ఎంత ఒత్తిడి రాసిందో, ఎంత బరువు రాసిందో అదే లెక్క. ఇద్దరు పిల్లలు ఎక్కుతామన్నా ఒక్కరే.

నిజంగా చిల్లి పడితే అతుకు వేయడం సైకిల్ ట్యూబుకి వేసినట్టే. ఆ చోటుని స్పిరిటుతో తుడిచి, ఆరబెట్టి, పీవీసీ జిగురు రాసి, ముక్క అంటించి, బరువు పెట్టి ఓ రోజు వదిలేయాలి. కుట్టు దగ్గరగానీ వాల్వు మొదట్లోగానీ పోతే అతుకు పెట్టి పిల్లని ఎక్కించడం నాకిష్టం లేదు. అది ఈతకొలనులో పరుపుగా బతకనివ్వండి. తాడు కూడా ఏడాదికోసారి చేత్తో తడిమి చూడాలి. పోగులు లేచినా, ఎండకి పెళుసెక్కి గరగరలాడినా మార్చేయాలి. తెగిన చోట ముడి వేయకూడదు. ముడి పడ్డ తాడు ఆ ముడి దగ్గరే తెగుతుంది, సాగి తెగిన తాడు కొరడాలా వెనక్కొస్తుంది.

వాడాక ట్రైనర్‌ని ఆరబెట్టడం మినెసోటాలో సొంత వ్యవహారం కాదు. జీబ్రా మస్సెల్ అని గోరంత గుల్ల ప్రాణి పరాయి నీళ్ల నుంచి వచ్చి సరస్సులని ఆక్రమిస్తోంది. దాని పిల్లలు కంటికి కనిపించవు, చెమ్చాడు నీళ్లలో కూడా ప్రయాణం చేస్తాయి. అందుకని సరస్సు దగ్గర ఎక్కడ చూసినా కడుగు, వంచు, ఆరబెట్టు అనే బోర్డులే. ట్రైనర్ పాదాల గుంటల్లో నీళ్లు నిలుస్తాయి కనక తలకిందులు చేసి, గుడ్డతో ఒత్తి, నీడన రోజుల తరబడి ఆరబెడతారు. ఆరకుండా మడిస్తే బూజు పడుతుంది, షెడ్డులో చలికాలమంతా ఎలుకలు కొరుకుతాయి. పెద్దాయన సగం గాలి ఉంచి దూలానికి వేలాడదీస్తారు.

ఈ గాలి ట్రైనర్ అన్నీ నేర్పుతుందని నేననను. అది మరీ నిలకడైన వస్తువు. మలుపులో ఒరగడం, అంచు మీద బరువు మోపడం దీని మీద రావు. ఎక్కువ కాలం ఉంచితే పిల్ల బొమ్మలా నిలబడటానికి అలవాటు పడుతుంది. ఒక వేసవి చాలు. ఆ ఒక్క వేసవిలో కూర్చోవడం, ఆగడం, వదలడం అనే మూడూ ఒంట్లో దిగుతాయి.

కిందటి ఏడు మనవరాలు అడ్డపట్టీ ఉన్న చెక్క స్కీలకి మారింది. ఈ ఏడు ఆ పట్టీ కూడా తీసేశారు. ఇప్పుడు తాడు బోటు కొక్కేనికే కడుతున్నారు, మా అల్లుడి చేతికి పని లేదు. వెనక సీట్లో కూర్చుని దాన్ని చూస్తూ ఉంటాడు. అది అటూ ఇటూ తూలినప్పుడల్లా ఒళ్లో ఉన్న అతని గుప్పిట ఠక్కున తెరుచుకుంటుంది.