నడుం ఎత్తితే కనబడతాం

ఈ వారం నాకు కోపం తెప్పించింది ఒక కాగితం. మిరప కోతలకీ పత్తి తీతలకీ పోయే మా వీధి మనిషి నడుం నొప్పికి చూపించుకుని వచ్చి, మందుల చీటీతో పాటు ఇచ్చిన ఆ కాగితం చదివిపెట్టమంది. ముందుకు వంగరాదు. బరువులెత్తరాదు. నేల మీద కూర్చోరాదు. కుర్చీలో వీపు ఆనించి నిటారుగా కూర్చోవాలి. పక్కన బొమ్మ కూడా ఉంది: టై కట్టుకున్న ఒకాయన, కంప్యూటరు, తిరుగుడు కుర్చీ.

అంతా విని, "అయితే మేష్టారూ, మిరపకాయలు నా ఎత్తుకొచ్చి కాస్తాయంటారా?" అంది.

కుర్చీ మీద నాకున్న కక్ష ఈ కాలమ్ చదివేవాళ్లకి కొత్త కాదు. పెళ్లిళ్లలో బంతి భోజనాలు పోయి బల్లలొచ్చిన నాటి నుంచీ తిట్టిపోస్తూనే ఉన్నాను. 1960ల్లో స్వీడన్ డాక్టరు నాకెమ్సన్ వెన్నుపూసల మధ్య డిస్కులోకి సూది పంపి ఒత్తిడి కొలిచి, నిలబడ్డప్పటికంటే కూర్చున్నప్పుడే ఎక్కువని తేల్చిన సంగతి ఇక్కడే ఎన్నిసార్లు రాశానో. 1999లో జర్మనీలో విల్కే బృందం మళ్లీ కొలిస్తే ఆ తేడా నిలవలేదన్న సంగతి మాత్రం రాయలేదు. నాకు అక్కరకొచ్చే మాట కాదు మరి.

నేల గొప్పతనం ఇంకోసారి నిరూపిద్దామని మర్నాడు పొద్దున్నే మా ప్రత్తిపాడు పొలిమేరలో ఒక కల్లానికి వెళ్లాను. ఎండిన కాయల కుప్ప చుట్టూ ఏడెనిమిదిమంది ఆడవాళ్లు ముక్కులకి కొంగు చుట్టుకుని తాలు ఏరుతున్నారు. తెల్లబారిన కాయ ఒక పక్కకి, ఎర్రకాయ ఇంకో పక్కకి. నేనూ బాసింపట్టు వేసి, వెన్ను వెదురుగడలా నిలబెట్టి కూర్చున్నాను. అరగంటకి నడుం పట్టేసింది. తుమ్ములు సరేసరి.

అప్పుడు వాళ్లని చూశాను. ఒక్కరూ కుదురుగా లేరు. బాసింపట్టు వేసిన మనిషికి కాసేపటికి ఒక మోకాలు లేచి గడ్డం కిందికొస్తుంది. ఆ తర్వాత కాళ్లు చాపుతుంది. ఇంకాసేపటికి గొంతుక్కూర్చుంటుంది. ఒకామె మంచినీళ్లకని లేస్తే, ఇంకొకామె గంప జరపడానికని లేస్తుంది. "కుదురుగా కూర్చోండిరా" అని ముప్పై ఏళ్లు పిల్లల్ని గదమాయించినవాణ్ణి. నడుముకి ఆ కుదురే చేటని కల్లంలో తెలిసొచ్చింది. పెద్దవాళ్ల డిస్కు లోపలికి రక్తనాళాలు పోవు. తడిపత్తిని పిండి వదిలినట్టు, బరువు పడుతూ తగ్గుతూ ఉంటేనే దానికి నీరు ఆడుతుంది.

గంపెత్తడమూ గమనించాను. ముందు ఒళ్లోకి లాక్కుని, పొట్టకి హత్తుకుని, అప్పుడు లేస్తున్నారు. విల్కే కొలతల్లో 20 కిలోలు నడుం వంచి ఎత్తితే డిస్కులో ఒత్తిడి ఊరికే నిలబడ్డప్పటికి నాలుగు రెట్లు దాటింది. అదే బరువు ఒంటికి ఆనించి పట్టుకుంటే రెట్టింపుకి కాస్త పైన ఆగింది. నీళ్ల బిందె చంకనెత్తిన మా అమ్మకి ఈ లెక్క ఎవరు చెప్పారో!

ఇక్కడితో ఆపితే నేలే గెలిచినట్టు. ఆపనివ్వలేదు. "ఇది కూర్చుని చేసే పని మేష్టారూ. చేలోకి రండి" అంది ఆ కాయలేరేవాళ్లలోనే ఉన్న మా వీధి మనిషి.

చేలో కూర్చోవడం లేదు, కదలి సర్దుకోవడం లేదు. మొక్క నడుం కూడా దాటదు. మోకాళ్లు బిగబట్టి, తుంటి దగ్గర విరిగినట్టు వంగి, రెండు చేతులా కాయ కోసి ఒడిలో వేసుకోవడమే. ఒడి నిండేకొద్దీ ఆ బరువూ ముందుకే లాగుతుంది. అందరూ సాలు పట్టి ఒక్క వరసన పోవాలి. పత్తికైతే కూలి కిలో లెక్కన. మధ్యలో ఒకసారి నడుం ఎత్తొచ్చుగా అన్నాను.

"ఎత్తితే కనబడతాం" అంది, గట్టు వైపు చూసి.

ఈ కనబడే భయం అమెరికాలోనూ ఉండేది. కాలిఫోర్నియా పొలాల్లో కూలీల చేతికి అడుగు పిడి ఉన్న పొట్టి పార ఇచ్చేవాళ్లు. దానితో పనంటే రోజంతా ఒంగుడే. నడుం ఎత్తినవాడు దూరం నుంచే మేస్త్రి కంటబడేవాడు, ఆసాములకి అదీ ఒక సుఖం. నడుములు పోతున్నాయని కూలీలు కోర్టుకెక్కారు. చివరికి 1975లో ఆ పారని నిషేధించారు. మార్చింది కూలీని కాదు, పార పిడిని.

ఇంటికొచ్చి ఆ కాగితంలో ఉన్నది కొట్టేసి కింద రాశాను: సాలు చివర నడుం మీద చేతులు పెట్టి వెనక్కి వాలాలి. కింది కాయకి ఒక మోకాలు నేలకి ఆనించాలి. ఒడి సగం నిండగానే దించాలి. కల్లంలో మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి పీటలు వేయాలి. కుర్చీలైనా సరే. అవును, నేనే రాశాను.

చదివి వినిపిస్తే నవ్వింది. "ఇది నాకెందుకు మేష్టారూ? చేను గలాయనకి చదవండి."

ఆయన ఇంటికి ఈ పేపరు వస్తుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.